చెయ్యి కలిపితే సరిపోతుందా? కళాకారులు, కార్మిక సంఘాలు, అంటరాని శ్రమ

కార్మికుల మీద కళ తక్కువేమీ రాలేదు. సుత్తి పట్టిన పిడికిలి, పొగగొట్టాల వెనక ఎర్రటి సూర్యుడు, కండలు తిరిగిన చేతులు ఎన్నో గోడల మీదా ఎన్నో మహాసభల వేదికల మీదా చూశాం. అయితే ఆ బొమ్మల్లో చీపురు ఎన్నిసార్లు కనిపించింది? మలం ఎత్తే తట్ట, మ్యాన్‌హోల్ మూత, చెత్తబండి ఎన్నిసార్లు కనిపించాయి? కార్మికవర్గం బొమ్మ గీసినవాళ్ళకి ఫ్యాక్టరీ కనిపించినంత తేలిగ్గా పాకీదొడ్డి కనిపించలేదు. ఇది ఏ ఒక్క చిత్రకారుడి లోపమో కాదు. ఎవరి శ్రమని శ్రమగా లెక్కపెట్టాలి అన్న విషయంలోనే కులం పనిచేసింది.

ఈ నేపథ్యంలో ఒక పద్ధతిని పరిశీలించాలనుకుంటున్నాం. కళాకారుణ్ణి కొన్ని నెలలో కొన్నేళ్ళో కార్మికుల మధ్య ఉంచి, అక్కడే పనిచెయ్యనివ్వడం ఆ పద్ధతి. దాన్ని ఇంగ్లీషువాళ్ళు ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటారు. మామూలుగా రెసిడెన్సీ అంటే ఊరికి దూరంగా ఒక గది, భోజనం, తీరిక ఇచ్చి కళాకారుణ్ణి ప్రశాంతంగా బొమ్మలేసుకోమనడం. మనం చెప్పుకునేది దానికి తలకిందులైన వ్యవహారం. ఇక్కడ కళాకారుడు ప్రశాంతతని వదిలి షిఫ్టుల్లోకి, హాజరుపట్టీల్లోకి, యూనియన్ ఆఫీసుల్లోకి పోతాడు. దళితులకి దీంతో ఏం పని అని అడగొచ్చు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన అతి పెద్ద ప్రయోగం జరిగింది చెత్త ఎత్తే కార్మికుల మధ్యే. దాని పేరులోనే తాకడం అనే మాట ఉంది. తాకడం అనే మాట వినపడితే మనం ఊరికే పోలేం.

తలుపు ఎవరు తీశారు?

ఇటువంటి ప్రయోగం దేన్ని చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కళాకారుడికి పనిచోటు తలుపు తీసింది ఎవరు? యాజమాన్యమా, ప్రభుత్వ శాఖా, కార్మిక సంఘమా? తర్వాత జరిగేదాంట్లో చాలాభాగం దీన్నిబట్టే తేలిపోతుంది.

బ్రిటన్‌లో 1966లో బార్బరా స్టెవెనీ, జాన్ లేథమ్, మరికొందరు కలిసి ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ పెట్టారు. కంపెనీలతో, తర్వాత ప్రభుత్వ శాఖలతో మాట్లాడి కళాకారుల్ని లోపలికి పంపడం వాళ్ళ పని. ముందుగా ఫలానా వస్తువు తయారుచేసి ఇవ్వాలన్న షరతు ఉండకూడదని వాళ్ళు పట్టుబట్టారు. ఆ పథకం కింద 1970లో స్టూఅర్ట్ బ్రిజ్లీ హిల్లే అనే కుర్చీల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ పాలిష్ పట్టే మిషన్లకి కార్మికులు అభిమానించే ఫుట్‌బాల్ జట్ల రంగులు వేశారు. చిన్న సంగతే. కానీ తాము రోజంతా నిలబడే మిషన్ ఏ రంగులో ఉండాలో కార్మికుల్ని అంతకుముందు ఎవరడిగారు?

అయినా ఆ గ్రూపు ఒప్పందాలు చేసుకున్నది ప్రధానంగా యాజమాన్యాలతో. కళాకారుడు రెండుపక్షాలకీ చెందకుండా మధ్యలో ఉంటాడన్నది వాళ్ళ సిద్ధాంతం. సమ్మె వచ్చిన రోజున మధ్యలో నిలబడ్డం ఎట్లా? దానికి ఆ సిద్ధాంతంలో జవాబు దొరకదు. ఆ రోజుల్లోనే వామపక్ష విమర్శకులు ఈ విషయం మీద గట్టిగా తగులుకున్నారు.

8,500 కరచాలనాలు

రెండో రకం ప్రభుత్వ శాఖ తలుపు తీసింది. న్యూయార్క్‌లో మీర్ల్ లేడర్‌మన్ యూకెలీజ్ అనే కళాకారిణి ఉంది. 1968లో ఆమెకి బిడ్డ పుట్టింది. అప్పటిదాకా కళాకారిణి. పుట్టిన తర్వాత పొద్దస్తమానం ఉతకడం, తుడవడం, తినిపించడం. ఈ పనంతా ఎవరి కంటికీ ఆనదు. 1969లో ఆమె ఒక మేనిఫెస్టో రాసింది. కొత్తది సృష్టించేవాళ్ళకి దక్కే గౌరవం, ఉన్నదాన్ని నిలబెట్టేవాళ్ళకి ఎందుకు దక్కదని దాంట్లో అడిగింది. విప్లవం అయిపోయిన మర్నాడు చెత్త ఎవరెత్తుతారని కూడా అడిగింది. ఈ ప్రశ్న మన దగ్గర విప్లవం గురించి మాట్లాడినవాళ్ళని దళితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నే.

1973లో ఆమె హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియమ్ అనే మ్యూజియం మెట్లు, నేల చేత్తో కడిగింది. అదే ప్రదర్శన. 1976లో ఒక పెద్ద ఆఫీసు భవనంలో తుడిచేవాళ్ళు, కాపలావాళ్ళు, మరమ్మతులు చేసేవాళ్ళు దాదాపు 300 మందితో కలిసి పనిచేసింది. రోజులో ఒక గంట పనిని కళ అనుకోమని వాళ్ళని కోరింది. ఫొటో తీసి, ఇది పనా, కళా అని వాళ్ళనే చెప్పమనేది. దాని మీద పత్రికలో సమీక్ష రాసినాయన, పారిశుద్ధ్య శాఖ కూడా తన పనిని కళ అని చెప్పుకుంటే ప్రభుత్వ గ్రాంటు దొరుకుతుందేమోనని ఎగతాళిగా ఒక మాటన్నాడు. అప్పుడు న్యూయార్క్ నగరం దివాలా అంచున ఉంది. 1975లో దాదాపు 3 వేల మంది పారిశుద్ధ్య కార్మికుల్ని పనిలోంచి తీసేసింది. యూకెలీజ్ ఆ ఎగతాళిని నిజం చేసింది. ఆ సమీక్షని శాఖకి పంపింది. 1977లో ఆ శాఖ ఆమెని తమ కళాకారిణిగా చేర్చుకుంది. జీతం మాత్రం లేదు.

1979 జులై 24 నుంచి 1980 జూన్ 26 దాకా ఆమె నగరంలోని 59 డిస్ట్రిక్టులూ తిరిగింది. తెల్లారకముందే హాజరు తీసుకునే చోటికి వెళ్ళేది. కార్మికుల వెంట వాళ్ళ రూట్లలో నడిచేది. డబ్బా ఎత్తేటప్పుడు నడుం ఎట్లా వంగుతుందో, విసిరేటప్పుడు భుజం ఎట్లా తిరుగుతుందో వెనక నిలబడి తానూ అట్లాగే చేసేది. మొత్తం 8,500 మంది కార్మికుల్లో ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, న్యూయార్క్ నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. ఈ పనికి 'టచ్ శానిటేషన్' అని పేరు పెట్టింది.

చెయ్యి కలిపిన తర్వాత కార్మికులు మాట్లాడారు. అవి రాసుకోదగ్గ మాటలు. ఒక సంగతి ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. మండుటెండలో చెత్త ఎత్తి అలిసిపోయిన కార్మికులు ఒక ఇంటి మెట్ల మీద కాసేపు కూచున్నారు. ఇంటావిడ బయటికొచ్చి, కంపు కొట్టే చెత్తవాళ్ళు తన మెట్ల మీద కూచోవద్దని తరిమింది. ఏళ్ళు గడిచినా ఆ కార్మికుడు దాన్ని మరిచిపోలేదు. ఇది చదివితే మన ఊళ్ళ అరుగులు గుర్తురావా? 1984లో యూకెలీజ్ ఒక గ్యాలరీ దగ్గర ఆ ఇంటిముందు దృశ్యాన్ని మళ్ళీ కట్టింది. కార్మికుల్ని జనం తిట్టిన తిట్లన్నీ అద్దాల మీద రాయించి, నగరంలోని పెద్దమనుషుల్ని పిలిచి వాటిని కడిగించింది. అంతకుముందు 1983లో చెత్తలారీకి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగించింది. లారీని చూసినవాళ్ళకి తమ మొహమే కనపడాలి. చెత్త ఎవరిదో తెలియాలి.

ఈ ప్రయోగాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. తిట్టు తిన్నవాడిచేత కన్నీళ్ళు పెట్టించడానికి బదులు, తిట్టినవాళ్ళ తరఫువాళ్ళచేత ఆ తిట్టుని కడిగించింది. భారం ఎవరి నెత్తిన పెట్టాలో ఆమెకి తెలుసు. అయితే పరిమితులూ చూడాలి. ఆ కార్మికులకి అప్పటికే బలమైన యూనియన్ ఉంది. 1968 ఫిబ్రవరిలో వాళ్ళు తొమ్మిది రోజులు సమ్మె చేస్తే నగరం చెత్తకుప్పయింది. వాళ్ళ నాయకుడు జాన్ డెలూరీ జైలుకి పోయాడు. పింఛను, సెలవులు, జీతం పోట్లాడి సాధించుకున్నవాళ్ళకి దక్కనిది గౌరవం. యూకెలీజ్ ఆ లోటు మీద పనిచేసింది. కూలీ, పింఛను, గౌరవం మూడూ లేనివాళ్ళ దగ్గరికి ఒట్టి కృతజ్ఞతతో పోతే ఏమవుతుంది? ఇంకొక సంగతి. 1979లో ఆ 8,500 మందీ మగవాళ్ళే. ఆ శాఖ యూనిఫాం ఉద్యోగంలోకి ఆడవాళ్ళు వచ్చింది 1986లో. మన దగ్గర ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ తేడా మరిచిపోకూడదు.

కళాకారుడు రాకముందే వచ్చిన కళ

అదే 1968 ఫిబ్రవరిలో అమెరికా దక్షిణాన మెంఫిస్ నగరంలో ఇంకొక పారిశుద్ధ్య సమ్మె జరిగింది. అక్కడి కార్మికులు నల్లవాళ్ళు. ఫిబ్రవరి 1న వానకి చెత్తలారీ వెనకభాగంలో తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికుల్ని ఆ లారీ యంత్రమే నలిపి చంపేసింది. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది సమ్మెలోకి దిగారు. వాళ్ళు మెళ్ళో తగిలించుకున్న అట్టల మీద నల్లటి పెద్ద అక్షరాల్లో ఒకే మాట ఉంది: నేను మనిషిని. వాళ్ళకి మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ని గుర్తించి దిగొచ్చింది.

ఆ అట్ట ఇప్పుడు మ్యూజియాల్లో ఉంది. దాన్ని చెయ్యడానికి ఏ రెసిడెన్సీ అక్కర్లేకపోయింది. ఉద్యమం తనకి కావలసిన రూపాన్ని తానే తెచ్చుకుంది. మన దగ్గర సఫాయి కర్మచారి ఆందోళన్ 2015 డిసెంబరు 10 నుంచి 2016 ఏప్రిల్ 13 దాకా 125 రోజులు దేశమంతా భీమ్ యాత్ర చేసింది. డ్రైనేజీల్లో జరిగే చావుల్ని ప్రమాదాలు అనకుండా హత్యలన్నారు. మమ్మల్ని చంపడం ఆపండి అన్నదే వాళ్ళ నినాదం. మెంఫిస్ అట్టకీ ఈ నినాదానికీ చుట్టరికం ఉంది.

మెంఫిస్ సమ్మెని ఫొటోలు తీసిన ఎర్నెస్ట్ విదర్స్ గురించి కూడా చెప్పుకోవాలి. ఆయన నల్లజాతివాడు, ఉద్యమంలో అందరికీ నమ్మకస్తుడు. ఆయన ఎఫ్.బి.ఐ.కి సమాచారం ఇచ్చేవాడని 2010లో ఒక మెంఫిస్ పత్రిక బయటపెట్టింది. అప్పటికి ఆయన చనిపోయి మూడేళ్ళయింది. ఆ ఫొటోలు లేకపోతే ఆ సమ్మె మనకి ఇట్లా కనిపించేది కాదు. ఆ సమాచారం మాత్రం ఆ మనుషులకే వ్యతిరేకంగా పోయింది. కార్మికుల మధ్య కెమెరా పట్టుకున్న మనిషి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న ఎంత ప్రాణాంతకమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. సొంత కులం, సొంత రంగు ఉన్నంతమాత్రాన ఈ ప్రశ్న తీరిపోదు.

సంఘం తలుపు తీసినప్పుడు

మూడో రకంలో పిలుపు కార్మిక సంఘానిది. న్యూయార్క్‌లో ఆసుపత్రి కార్మికుల యూనియన్ 1199 ఉంది. దాంట్లో ఎక్కువమంది నల్లజాతి, పోర్టోరికో ఆడవాళ్ళు. పక్కలు సర్దేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, గచ్చు తుడిచేవాళ్ళు. ఆ యూనియన్‌లో పనిచేసిన మో ఫోనర్ 1979లో 'బ్రెడ్ అండ్ రోజెస్' అనే సాంస్కృతిక కార్యక్రమం మొదలెట్టాడు. యూనియన్ సొంత భవనంలోనే బొమ్మల గ్యాలరీ పెట్టారు. కార్మికుల్ని కూచోబెట్టి వాళ్ళు చెప్పిన సంగతులతో పాటలు, హాస్యం కలిపి ప్రదర్శన తయారుచేసి, భోజన విరామంలో ఆసుపత్రుల్లోనే ఆడారు. చూసేవాళ్ళు, కథ చెప్పినవాళ్ళు ఒకరే. 2000 తర్వాత ఇదే కార్యక్రమం కింద ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి, తుడిచేవాళ్ళకి కెమెరాలిచ్చి ఫొటోలు తియ్యడం నేర్పారు. అంతవరకూ ఫొటోలో ఉండే మనిషి ఫొటో తీసే మనిషి అయ్యాడు.

ఆస్ట్రేలియాలో 1982లో అక్కడి కళామండలి, కార్మిక సంఘాల సమాఖ్య కలిసి 'ఆర్ట్ అండ్ వర్కింగ్ లైఫ్' అనే పథకం పెట్టాయి. డబ్బు ప్రభుత్వానిది, చోటు యూనియన్లది. యూనియన్ బ్యానర్లు, గోడబొమ్మలు, నాటకాలు, పోస్టర్లు దాంట్లోంచి వచ్చాయి. ఇయన్ బర్న్ లాంటి పేరున్న కళాకారుడు గ్యాలరీ పని పక్కనబెట్టి యూనియన్ల పత్రికలు, కరపత్రాలు డిజైన్ చేశాడు. ఇక్కడ కళాకారుడు అతిథి కాదు, యూనియన్‌కి పనిచేసే మరొక కార్మికుడు. కాబట్టి కూలీ కూడా మాట్లాడుకున్నారు.

మన దగ్గరికొస్తే

యూనియన్ తలుపు తీస్తే చాలు, అంతా సరిపోతుందా? మన దేశంలో ఆ మాట అనలేం. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరాని కులాలవాళ్ళని నేత విభాగంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. కండె మార్చినప్పుడు షటిల్‌లోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడు నోరుపెట్టిన షటిల్‌కి సవర్ణ కార్మికుడు నోరుపెట్టడు. అందుకని ఎక్కువ జీతమొచ్చే విభాగం దళితులకి మూతపడింది. 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ సంగతిని యూనియన్ నాయకుల ముందు పెట్టాడు. కులం పనిని మాత్రమే పంచలేదు, పనిచేసేవాళ్ళనే మెట్లుమెట్లుగా విడగొట్టిందని 1936లో 'కుల నిర్మూలన'లో వివరించాడు. ఆ ముందు ఏడాదే, 1935లో, ఆయన బొంబాయిలో మునిసిపల్ కామ్‌గార్ సంఘ్ పెట్టింది ఊరికే కాదు. యూనియన్ అనే మాట కూడా కులం బయట లేదు.

న్యూయార్క్ కార్మికుడికి చెత్త పనివల్ల అవమానం అంటింది. పని మానేస్తే, అతని కొడుకు వేరే ఉద్యోగం చేస్తే ఆ కంపు అక్కడితో పోతుంది. ఇక్కడ అవమానం ముందు పుడుతుంది, పని తర్వాత వస్తుంది. ఉత్తరాంధ్రలో రెల్లి, ఇతరచోట్ల మాదిగ, తమిళనాడులో తెలుగు మాట్లాడే అరుంధతీయులు, బెంగళూరు పౌరకార్మికుల్లో పెద్దసంఖ్యలో ఉన్న తెలుగు దళిత ఆడవాళ్ళు, వీళ్ళంతా చీపురుని ఎంచుకున్నవాళ్ళా? తెలుగు ఎల్లలు దాటి వలసపోయినా పని మాత్రం వెంట వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ పుట్టింది కూడా కోలారు బంగారు గనుల దగ్గర, పాకీపని చేసిన తెలుగు కుటుంబంలో.

కాబట్టి ఇక్కడ కరచాలనానికి అర్థం మారిపోతుంది. అంటరానివాణ్ణి తాకడం ఇక్కడ ఎప్పుడూ తాకినవాడి గొప్పతనంగానే చెలామణీ అయింది. పాకీపనిని పవిత్రమైన సేవ అని పొగిడి, ఆ పనిలోనే ఉండమన్న గాంధీ ధోరణిని అంబేద్కర్ 1945లో తన పుస్తకంలో ఉతికేశాడు. 2019 ఫిబ్రవరి 24న ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధాని అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్ళు కడిగాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు, పూలు చల్లారు. ఆ తర్వాత ఏమైంది? 2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు జీతాల కోసం, పర్మినెంటు కోసం సమ్మెకి దిగాల్సొచ్చింది. 2025 ఆగస్టులో చెన్నైలో ప్రైవేటీకరణ వద్దని కార్పొరేషన్ ఆఫీసు ముందు కూచున్న కార్మికుల్ని అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. కాళ్ళు కడగడానికి జీవో అక్కర్లేదు, పర్మినెంటు చెయ్యడానికి కావాలి. చావుల సంగతి కూడా అంతే. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చాయి. డ్రైనేజీలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చావులు ఆగలేదు.

ఇటువంటి చోట కృతజ్ఞత చెప్పే కళ చాలా తేలిగ్గా సర్కారు ప్రచారం అయిపోతుంది. అయిపోకుండా నిలబడ్డ పనులూ ఉన్నాయి. బొంబాయి పారిశుద్ధ్య కార్మికుల్ని ఏళ్ళ తరబడి ఫొటోలు తీసిన సుధారక్ ఓల్వే పని, 2017లో తమిళంలో దివ్యభారతి తీసిన 'కక్కూస్' డాక్యుమెంటరీ అటువంటివి. అవి చూసినవాడికి ధన్యవాదాలు చెప్పబుద్ధి కాదు, సిగ్గేస్తుంది, కోపమొస్తుంది.

ఇంకొక మౌలికమైన తేడా ఉంది. పాశ్చాత్య రెసిడెన్సీ అనే ఆలోచన కళాకారుడు ఒకచోట, కార్మికుడు ఇంకొకచోట ఉంటారన్న నమ్మకం మీద నిలబడింది. మన దగ్గర డప్పు కొట్టే మాదిగ ఎవరు? కళాకారుడా, కార్మికుడా? చావుకీ జాతరకీ దండోరాకీ వెట్టిగా కొట్టించుకున్నప్పుడు అది కళ కాలేదు, కులధర్మం అయింది. అదే డప్పు ఆత్మగౌరవ ఉద్యమం చేతిలోకి వచ్చాక దాని అర్థం మారింది. మరాఠీలో అణ్ణాభావు సాఠే మాంగ్ కులంవాడు, మిల్లుల్లో పనిచేసినవాడు. 1944లో లాల్ బావ్టా కళాపథక్‌తో కార్మికవాడల్లో తమాషాని కొత్తగా మలిచినవాడు. ఆయన్ని కార్మికుల మధ్యకి ఎవరూ పంపలేదు. ఆయన అక్కడివాడే. కాబట్టి మన దగ్గర సమస్య కార్మికుల దగ్గరికి కళ చేరకపోవడం కాదు. వాళ్ళ దగ్గరున్న కళకి కళ అన్న పేరూ, కూలీ, తీరికా దక్కకపోవడం.

మరి ఏం అడగాలి?

పారిశుద్ధ్య కార్మికుల మధ్య కళాకారులు పనిచేస్తామంటే వద్దనం. కొన్ని సంగతులు మాత్రం ముందే తేల్చుకోవాలి. పిలుపు కార్మికుల సంఘం నుంచి రావాలి. ఆ సంఘం నాయకత్వంలో ఊడ్చే ఆడవాళ్ళు ఉండాలి. కళాకారుడికి ఇచ్చినట్టే, కథ చెప్పి పొద్దు పోగొట్టుకున్న కార్మికురాలికీ ఆ పూట కూలీ ఇవ్వాలి. ఫొటోలో మొహం చూపాలో వద్దో ఆమే చెప్పాలి, ఎందుకంటే కాంట్రాక్టరు ఆ ఫొటో చూసి రేపు పనిలోంచి తీసెయ్యొచ్చు. తీసిన ఫొటోలు, పాడించిన మాటలు సంఘం ఆఫీసులో కూడా ఉండాలి. కోర్టు కేసుకి కావాల్సొస్తే అక్కడ దొరకాలి. సమ్మె వస్తే కళాకారుడు ఎటువైపు నిలబడతాడో ఒప్పందంలోనే రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెసిడెన్సీ అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటూ జరగాలి. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకి ఫైనార్ట్స్ కాలేజీల్లో, మ్యూజియాల్లో, నాటక శాఖల్లో చోటు కావాలి. అక్కడ వాళ్ళు తుడవడానికి మాత్రమే పోయే రోజులు పోవాలి.

యూకెలీజ్ అడిగిన ప్రశ్నకి ఆమె నగరం ఒక మేరకు జవాబు చెప్పుకుంది. విప్లవం మర్నాడు చెత్త ఎవరెత్తుతారు? అక్కడ మంచి జీతానికి పరీక్ష రాసి ఆ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఎత్తుతారు. మన దగ్గర అదే ప్రశ్నకి ఇప్పటికీ కులం పేరే జవాబుగా వస్తోంది. ఆ జవాబు మారేదాకా ఎంత అందమైన కరచాలనమైనా సగం పనే. మిగతా సగం, పర్మినెంటు ఉత్తర్వు, మ్యాన్‌హోల్‌లోకి దిగే యంత్రం, ఆ పని నుంచి బయటపడే దారి. చెయ్యి కలపడానికి వచ్చే కళాకారులు ఆ మిగతా సగం కోసం కూడా మాతో నిలబడతారా అన్నదే మేం అడిగేది.